సూపర్‌లేటివ్ తర్వాత 'ఇన్' ఎప్పుడు, 'ఆఫ్' ఎప్పుడు? (డీఎస్సీ బిట్లతో గొడవ)

కిరణ్_ఎస్ఏ_ఇంగ్లిష్ · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకి ప్రిపేర్ అవుతున్నాను. ఇవాళ రాసిన మాక్ టెస్ట్‌లో ఈ మూడు బిట్లు పక్కపక్కనే ఇచ్చారు.

జూపిటర్ ఈజ్ ది లార్జెస్ట్ ___ ఆల్ ది ప్లానెట్స్.
జూపిటర్ ఈజ్ ది లార్జెస్ట్ ప్లానెట్ ___ ది సోలార్ సిస్టమ్.
షీ ఈజ్ ది యంగెస్ట్ ___ ది త్రీ సిస్టర్స్.

కీ ప్రకారం వరసగా ఆఫ్, ఇన్, ఆఫ్. మార్కులైతే వచ్చాయి గానీ ఎందుకు వచ్చాయో తెలియలేదు. కోచింగ్‌లో సార్ చెప్పింది ఒకటే ముక్క: "ప్లేస్ అయితే ఇన్, మనుషులైతే ఆఫ్." మరి "ది బెస్ట్ ప్లేయర్ ఇన్ ది టీమ్" అంటారే, టీమ్ అంటే మనుషులే కదా? "ది హాటెస్ట్ డే ఆఫ్ ది ఇయర్"లో ఇయర్ అటు ప్లేసూ కాదు, ఇటు మనుషులూ కాదు. పైగా మూడో బిట్ ఆప్షన్లలో 'అమంగ్' కూడా ఉంది. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది అదే కరెక్ట్ అని పట్టుబట్టి కూర్చున్నారు. తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి.

సింపుల్_సీను · శనివారం, రాత్రి 9:20

బ్రో, ఆల్ అని కనపడితే ఆఫ్. వరల్డ్, ఇండియా, క్లాస్ కనపడితే ఇన్. ఇంతకంటే ఆలోచిస్తే టైమ్ వేస్ట్. బిట్‌కి ముప్పై సెకన్లు కూడా ఉండవు.

కిరణ్_ఎస్ఏ_ఇంగ్లిష్ · శనివారం, రాత్రి 9:24

సీను అన్నా, రేపు ఉద్యోగం వస్తే పిల్లలకి చెప్పాలి కదా. ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి "ఎందుకు సార్" అంటే "ఆల్ కనపడింది కాబట్టి" అని చెప్పనా?

పంతులుగారు_పాతకాలం · శనివారం, రాత్రి 10:05

కిరణ్ బాబూ, సరైన చోటే పట్టుకున్నావు. ప్లేస్, మనుషులు అన్న విభజన దగ్గరే మీ సార్ దారి తప్పారు. అసలు చూడాల్సింది వేరు.

సూపర్‌లేటివ్ అంటే పోటీ. పోటీలో రెండుంటాయి: బరిలోకి దిగినవాళ్లు ఎవరు, ఆ బరి ఎక్కడుంది. దిగినవాళ్లని చెప్పేది ఆఫ్. బరిని చెప్పేది ఇన్. జూపిటర్ పోటీ పడింది ప్లానెట్స్‌తో, అందుకని "ఆఫ్ ఆల్ ది ప్లానెట్స్". ఆ పోటీ జరిగింది సోలార్ సిస్టమ్‌లో, అందుకని "ఇన్ ది సోలార్ సిస్టమ్". అది సోలార్ సిస్టమ్‌తో పోటీ పడలేదు.

క్లాసులో నేను పిల్లలకి ఒక పరీక్ష చెప్పేవాణ్ని. ఖాళీ తర్వాత ఉన్న మాటని పట్టుకుని, "ఇతను అందులో ఒక..." అని చదివి చూడమనేవాణ్ని. రవి ఒక బాయ్, అవును. అయితే "ది టాలెస్ట్ ఆఫ్ ది బాయ్స్". రవి ఒక క్లాస్, కాదు. అయితే "ది టాలెస్ట్ బాయ్ ఇన్ ది క్లాస్". నీ టీమ్ అనుమానం కూడా దీంతోనే తేలిపోతుంది. టీమ్‌లో ఉన్నది మనుషులే అయినా ప్లేయర్ ఒక టీమ్ కాడు. కాబట్టి ఇన్. ఫ్యామిలీ, కంపెనీ, ఆఫీస్, బ్యాచ్ అన్నీ ఇంతే.

రెండూ ఒకే వాక్యంలో కూడా ఉండొచ్చు. "చార్మినార్ ఈజ్ ది మోస్ట్ ఫేమస్ ఆఫ్ ఆల్ ది మాన్యుమెంట్స్ ఇన్ హైదరాబాద్." ఇందులో పోటీదారులూ ఉన్నారు, బరీ ఉంది.

సింపుల్_సీను · శనివారం, రాత్రి 10:11

మాస్టారూ, ముప్పై సెకన్లలో కుదిరే పరీక్షే ఇది. ఒప్పుకుంటున్నాను.

నీలిమ_విజయవాడ · శనివారం, రాత్రి 10:30

మాస్టారు గారూ, ఒక సందేహం. మీ పరీక్ష టైమ్ దగ్గర నిలబడదు. డే అనేది ఒక ఇయర్ కాదు. మీ లెక్కన "ది లాంగెస్ట్ డే ఇన్ ది ఇయర్" రావాలి. కానీ జూన్ 21 గురించి అందరూ రాసేది "ది లాంగెస్ట్ డే ఆఫ్ ది ఇయర్" అనే కదా?

పంతులుగారు_పాతకాలం · శనివారం, రాత్రి 10:52

అమ్మా, నిలబడదు నిజమే. కాలం సంగతి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ఇయర్, మంత్, వీక్, సీజన్, సెంచరీ, లైఫ్ వస్తే మామూలుగా ఆఫ్. "ది హ్యాపియెస్ట్ డే ఆఫ్ మై లైఫ్", "ది బిగ్గెస్ట్ హిట్ ఆఫ్ ది సీజన్". ఇయర్ అన్నప్పుడు ఇంగ్లిష్ వాడి మనసులో ఉన్నది దాని 365 రోజులు. పోటీ ఆ రోజుల మధ్యే. ఆ పెద్ద మాటే అన్ని రోజుల తరఫునా నిలబడుతోంది. "ఇన్ ది ఇయర్" అనే వాళ్లూ లేకపోలేదు. తప్పు అని గీత కొట్టను గానీ పరీక్షలో ఆఫ్ పెట్టు.

నీలిమ_విజయవాడ · శనివారం, రాత్రి 10:58

అలాగైతే క్లాస్ అన్న మాట అందులో ఉన్న పిల్లలందరి తరఫునా ఎందుకు నిలబడకూడదు?

పంతులుగారు_పాతకాలం · శనివారం, రాత్రి 11:10

నిలబడకూడదని తర్కంలో ఏమీ లేదమ్మా. వాడుక అలా కుదిరింది, అంతే. గుంపుని ఇంగ్లిష్ ఒక ఆవరణలా చూస్తుంది, కాలాన్ని ముక్కల కుప్పలా చూస్తుంది. గుంపుని కూడా కుప్పలా చూసిన జాడలు అక్కడక్కడా ఉన్నాయి: "ది బెస్ట్ ఆఫ్ ది లాట్", "ది పిక్ ఆఫ్ ది బంచ్", "ది బేబీ ఆఫ్ ది ఫ్యామిలీ". అవి అచ్చుపోసిన మాటలు, అలాగే వాడుకోవాలి. వాటిని చూసి "ది టాలెస్ట్ బాయ్ ఆఫ్ ది క్లాస్" అని రాస్తే మాత్రం ఎర్ర సిరా పడుతుంది. పడుకుంటాను, మిగతాది రేపు.

డల్లాస్_డైరీ · ఆదివారం, ఉదయం 7:40

ఇక్కడ మా ఆఫీసులో మెక్సికో వాళ్లు చాలామంది. వాళ్ల తప్పు మన తప్పుకి సరిగ్గా ఎదురు దిక్కు. "ది బెస్ట్ రెస్టారెంట్ ఆఫ్ ది సిటీ", "ది టాలెస్ట్ ఆఫ్ ది క్లాస్" అంటారు. స్పానిష్‌లో బరికీ పోటీదారులకీ 'దె' ఒకటే. ఫ్రెంచ్‌లోనూ అంతే. మనకేమో 'లో' ఒకటే. "సౌర కుటుంబంలో పెద్దది" అన్నా, "గ్రహాలన్నిటిలో పెద్దది" అన్నా అదే 'లో'. అందుకే మనవాళ్లు "ది లార్జెస్ట్ ఇన్ ఆల్ ప్లానెట్స్" అని రాసేస్తారు. "అన్నిటికంటే పెద్దది" అని మొదలుపెట్టిన వాడు "ది లార్జెస్ట్ దేన్ ఆల్" దగ్గర తేలతాడు.

ఇంకో సంగతి. అమెరికాలో "ఇన్ ది టీమ్" అనరు, "ఆన్ ది టీమ్" అంటారు. "ది బెస్ట్ షూటర్ ఆన్ ది టీమ్." మా అబ్బాయి స్కూల్ బాస్కెట్‌బాల్‌లో ఉన్నాడు. నేను 'ఇన్' అన్నప్పుడల్లా సరిదిద్దుతుంటాడు.

రైలుపిచ్చి · ఆదివారం, ఉదయం 8:15

ఆన్ అంటే గుర్తొచ్చింది. మా రైలు గ్రూపులో ఒకాయన "ది బిజియెస్ట్ ప్లాట్‌ఫామ్ ఎట్ సికింద్రాబాద్ స్టేషన్" అని రాస్తే ఇంకొకాయన "సూపర్‌లేటివ్ తర్వాత ఇన్ రావాలి, ఎట్ తప్పు" అని వాదన పెట్టుకున్నాడు. ఎట్ తప్పా?

హుబ్బళ్లి ప్లాట్‌ఫామ్ గురించి కూడా ఇదే గొడవ. 1,507 మీటర్లు, 2023లో ప్రారంభించారు, అంతకుముందు రికార్డు గోరఖ్‌పూర్‌ది. దాన్ని "ది లాంగెస్ట్ ప్లాట్‌ఫామ్ ఇన్ ది వరల్డ్" అనడంలో పేచీ లేదు. స్టేషన్ దగ్గరికి వచ్చేసరికే పేచీ.

ఐఈఎల్టీఎస్_అనిత · ఆదివారం, ఉదయం 9:02

రైలుపిచ్చి గారూ, ఎట్ తప్పు కాదు. సూపర్‌లేటివ్ తర్వాత ఇన్ రావాలి అనేది అసలు రూల్ కానే కాదు. బరిని చెప్పేటప్పుడు ప్రిపోజిషన్‌ని ఎంచుకునేది సూపర్‌లేటివ్ కాదు, ఆ చోటు పేరు. సూపర్‌లేటివ్‌ని తీసేసి చూడండి. "దేర్ ఈజ్ ఎ ప్లాట్‌ఫామ్ ఎట్ ది స్టేషన్" అంటామా? అంటాం. అయితే "ది బిజియెస్ట్ ప్లాట్‌ఫామ్ ఎట్ ది స్టేషన్" కూడా అంటాం.

మెనూకి ఆన్ వస్తుంది కాబట్టి "ది మోస్ట్ ఎక్స్‌పెన్సివ్ డిష్ ఆన్ ది మెనూ". దీవికి, లిస్టుకి, బస్సుకి కూడా అంతే: "ది ఓల్డెస్ట్ హౌస్ ఆన్ ది ఐలాండ్", "ది షార్టెస్ట్ నేమ్ ఆన్ ది లిస్ట్", "ది నాయిజియెస్ట్ ప్యాసింజర్ ఆన్ ది బస్". పార్టీకి ఎట్. వరల్డ్‌కి ఇన్, ఎర్త్‌కి మాత్రం ఆన్: "ది హయ్యెస్ట్ మౌంటెన్ ఇన్ ది వరల్డ్", "ది హయ్యెస్ట్ మౌంటెన్ ఆన్ ఎర్త్". కొండ ఒకటే, ఎవరెస్టే.

డల్లాస్ గారు చెప్పిన టీమ్ కూడా ఇందులోకే వస్తుంది. అమెరికన్లు "హి ఈజ్ ఆన్ ది టీమ్" అంటారు, బ్రిటిష్ వాళ్లు "ఇన్ ది టీమ్" అంటారు. సూపర్‌లేటివ్ వచ్చినా ఎవరి అలవాటు వాళ్లదే. మన పుస్తకాలన్నీ బ్రిటిష్ దారివి కాబట్టి మన పరీక్షల్లో ఇన్.

సింపుల్_సీను · ఆదివారం, ఉదయం 9:30

ఏంటో, నిన్న రాత్రి రెండే ఉండేవి, తెల్లారేసరికి నాలుగయ్యాయి.

సబ్‌ఎడిటర్_రాత్రిడ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 12:45

ఇప్పుడే లేచాను. ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీ, తెలుగు కాపీ రెండూ చూసే ఉద్యోగం కాబట్టి నా వంతు కొంచెం.

కాలం వస్తే ఆఫ్ అన్నారు మాస్టారు. వానాకాలంలో మాకు రోజూ తగిలే వాక్యం ఇంకోటుంది: "ది హెవియెస్ట్ రెయిన్ఫాల్ ఇన్ టెన్ ఇయర్స్". ఇక్కడ ఇన్. కొత్తగా చేరిన వాళ్లు దీన్ని "ఆఫ్ టెన్ ఇయర్స్" అని దిద్దేస్తారు, అప్పుడు కాపీ పాడవుతుంది. తేడా ఏంటంటే, "ఆఫ్ ది ఇయర్" అన్నప్పుడు ఇయర్ ఒక గిరి గీసిన కాలం. "ఇన్ టెన్ ఇయర్స్" అన్నప్పుడు ఇవాళ నిలబడి వెనక్కి చూస్తున్నాం. పదేళ్లలో ఇంత వాన చూడలేదు అనడం. "ఐ హ్యావంట్ సీన్ హిమ్ ఇన్ టెన్ ఇయర్స్"లో ఉన్న ఇన్ ఇదే. బ్రిటిష్ పత్రికల్లో ఇదే చోట "ఫర్ టెన్ ఇయర్స్" కూడా కనపడుతుంది. ఆ పదేళ్లకి ముందు 'ది' పెట్టరు, గమనించండి. "ది లాస్ట్ టెన్ ఇయర్స్" అని గిరి గీస్తే 'ది' వస్తుంది. అప్పుడు "ఆఫ్ ది లాస్ట్ టెన్ ఇయర్స్" కూడా చక్కగా నడుస్తుంది.

హిస్టరీ ఇంకో మినహాయింపు. 2024 డిసెంబర్‌లో గుకేశ్ సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించిన రాత్రి డెస్క్‌లో హెడ్డింగ్ దగ్గర చర్చ జరిగింది. 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్. అంతకుముందు 1985లో కాస్పరోవ్ 22 ఏళ్లకి గెలిచాడు. "ది యంగెస్ట్ వరల్డ్ చాంపియన్ ఇన్ హిస్టరీ" అనొచ్చు, "ఆఫ్ ఆల్ టైమ్" అనొచ్చు, చోటు లేకపోతే "ఎవర్" అని తోసేయొచ్చు. "ఆఫ్ హిస్టరీ" మాత్రం కుదరదు.

కిరణ్_ఎస్ఏ_ఇంగ్లిష్ · ఆదివారం, మధ్యాహ్నం 1:10

సార్, ఇది ఏ గైడులోనూ లేదు. థాంక్స్. మరి అమంగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రూపులో ఇంకా కొట్టుకుంటున్నారు.

సబ్‌ఎడిటర్_రాత్రిడ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 1:25

అమంగ్ మా వృత్తిలో ప్రాణదాత. "పులికాట్ ఈజ్ అమంగ్ ది లార్జెస్ట్ లగూన్స్ ఇన్ ఇండియా." సూపర్‌లేటివ్‌కి ముందు పెట్టామంటే "పెద్దవాటిలో ఒకటి" అని. ఎవడో ఫోన్ చేసి "చిలికా పెద్దది కదండీ" అన్నా మనకి ఏమీ కాదు. అదే "ది లార్జెస్ట్ అమంగ్" అని వెనక పెడితే అన్నిటికంటే పెద్దదని తేల్చి చెప్పినట్టు. ముందు పెట్టిన అమంగ్‌లో చాలామందికి చోటుంది, వెనక పెట్టినదాంట్లో ఒక్కరికే.

పంతులుగారు_పాతకాలం · ఆదివారం, మధ్యాహ్నం 3:40

అమంగ్ గురించి నా మాట. "ది యంగెస్ట్ అమంగ్ ది త్రీ సిస్టర్స్" వ్యాకరణం ప్రకారం చెత్తబుట్టలో వేయాల్సిన వాక్యమేమీ కాదు. మన దేశంలో చదువుకున్నవాళ్లు ధారాళంగా వాడతారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు అక్కడ సహజంగా అనేది ఆఫ్. ఆప్షన్లలో రెండూ ఉంటే ఆఫ్ పెట్టాలి. ఆఫ్ లేకుండా ఇన్, అమంగ్, దేన్ ఇస్తే అమంగ్ పెట్టు. పేపర్ పెట్టినవాడి ఉద్దేశం అదే.

అక్కచెల్లెళ్ల బిట్‌లో ఇంకో ఉచ్చు పెడతారు. ముగ్గుర్ని ఇద్దరు చేస్తారు. ఇద్దరే ఉంటే "ది యంగర్ ఆఫ్ ది టు". అక్కడ ఆఫ్ మారదు, సూపర్‌లేటివ్ పోయి కంపారటివ్ వస్తుంది, ముందు 'ది' మాత్రం ఉంటుంది. మాటల్లో "ది యంగెస్ట్ ఆఫ్ ది టు" అనే దొరలు బోలెడు మంది. మన పేపర్లో దానికి మార్కు రాదు.

ఖమ్మం_కుర్రోడు · ఆదివారం, సాయంత్రం 4:05

స్పోకెన్‌లో ఇవన్నీ ఎవరు చూస్తారండీ. ఇంటర్వ్యూలో "ఐయామ్ ది బెస్ట్ ఇన్ ఆల్ మై ఫ్రెండ్స్" అన్నాను, ఉద్యోగం వచ్చింది.

డల్లాస్_డైరీ · ఆదివారం, సాయంత్రం 4:30

ఖమ్మం తమ్ముడూ, నీ ఫ్రెండ్స్ ఎవరూ ఆ ఇంటర్వ్యూకి రాలేదు కాబట్టి వచ్చింది.

ఐఈఎల్టీఎస్_అనిత · ఆదివారం, సాయంత్రం 5:15

మాట్లాడేటప్పుడు నిజంగానే ఎవరూ పట్టించుకోరు, అర్థం పోదు కాబట్టి. రాతలో మాత్రం నా స్టూడెంట్స్ మార్కులు పోగొట్టుకునేది "వన్ ఆఫ్ ది" దగ్గర. "వన్ ఆఫ్ ది బెస్ట్ టీచర్ ఇన్ మై స్కూల్." టీచర్స్ అనాలి. చాలామందిలో ఒకరు అంటున్నప్పుడు చాలామంది కనపడాలి కదా. ప్రిపోజిషన్ రెండు చోట్లా సరిగ్గా పెట్టి ఒక్క 'స్' మింగేస్తారు. వారానికి యాభై ఎస్సేలు దిద్దితే నలభైలో ఇదే.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. కొన్ని విశేషణాలకి తమ సొంత ప్రిపోజిషన్ ఉంటుంది. అది సూపర్‌లేటివ్ అయినా వదలదు. గుడ్ ఎట్, ఫేమస్ ఫర్, ఇంట్రెస్టెడ్ ఇన్, క్లోజ్ టు, ఫార్ ఫ్రమ్. అందుకే "షీ ఈజ్ ది బెస్ట్ ఎట్ చెస్ ఇన్ ది స్కూల్". ఇక్కడ ఎట్ గుడ్‌కి చెందినది, ఇన్ స్కూల్‌కి చెందినది. కిరణ్ గారి గ్రహాలతోనే చూడండి:

ఆఫ్ ది ఎయిట్ ప్లానెట్స్, మెర్క్యురీ ఈజ్ ది క్లోజెస్ట్ టు ది సన్.
నెప్ట్యూన్ ఈజ్ ది ఫార్దెస్ట్ ఫ్రమ్ ది సన్.

మొదటిదాంట్లో క్లోజెస్ట్ తర్వాత ఖాళీ ఇస్తే "సూపర్‌లేటివ్ వచ్చింది కాబట్టి ఆఫ్ కానీ ఇన్ కానీ" అనుకున్నవాడు బోల్తా పడతాడు. సన్ ఇక్కడ పోటీదారూ కాదు, బరీ కాదు. దూరం కొలవడానికి పెట్టుకున్న గుర్తు. పోటీదారులు వాక్యం మొదట్లోకి వెళ్లి కూర్చున్నారు.

రైలుపిచ్చి · ఆదివారం, సాయంత్రం 5:40

మా చిన్నప్పుడు "ఆఫ్ ది నైన్ ప్లానెట్స్" ఉండేది.

పంతులుగారు_పాతకాలం · ఆదివారం, సాయంత్రం 6:00

2006లో ప్లూటోని తీసేసే దాకా బోర్డు మీద నేను రాసిందీ తొమ్మిదే. "ది స్మాలెస్ట్ ఆఫ్ ది నైన్" ప్లూటో, "ది స్మాలెస్ట్ ఆఫ్ ది ఎయిట్" మెర్క్యురీ. ఆఫ్ తర్వాత లెక్క మారేసరికి జవాబే మారిపోయింది. పోటీదారులెవరో చెప్పకుండా సూపర్‌లేటివ్‌కి అర్థం లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అనిత గారు చెప్పినదానికి కొనసాగింపుగా ఒకటి. పదో తరగతిలో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ మార్చమని ఇస్తారు. అందరూ బట్టీ పట్టి రాసేస్తారు గానీ అందులోనే ఇన్, ఆఫ్ రహస్యం ఉంది. మార్చి చూడండి.

జూపిటర్ ఈజ్ ది లార్జెస్ట్ ప్లానెట్ ఇన్ ది సోలార్ సిస్టమ్.
జూపిటర్ ఈజ్ లార్జర్ దేన్ ఎనీ అదర్ ప్లానెట్ ఇన్ ది సోలార్ సిస్టమ్.
నో అదర్ ప్లానెట్ ఇన్ ది సోలార్ సిస్టమ్ ఈజ్ యాజ్ లార్జ్ యాజ్ జూపిటర్.

మూడింటిలోనూ "ఇన్ ది సోలార్ సిస్టమ్" చెక్కుచెదరలేదు. బరి కాబట్టి. ఇప్పుడు ఆఫ్ ఉన్నది మార్చండి. "ది లార్జెస్ట్ ఆఫ్ ఆల్ ది ప్లానెట్స్" కాస్తా "లార్జర్ దేన్ ఆల్ ది అదర్ ప్లానెట్స్" అవుతుంది. ఆఫ్ మాయమై దాని కుర్చీలో దేన్ కూర్చుంది. అంటే ఆఫ్ చేసే పని, దేన్ చేసే పని ఒకటే: ఎదుటివాణ్ని చూపించడం. ఏది పెట్టాలో తెలియనప్పుడు వాక్యాన్ని కంపారటివ్‌లోకి మార్చు. ఆ మాట దేన్ వెనక్కి పోతే ఆఫ్. కదలకుండా ఉన్నచోటే ఉంటే ఇన్, లేదా అనిత గారు చెప్పిన ఎట్, ఆన్.

'అదర్' మరవకూడదు. అది లేకపోతే జూపిటర్ తనకంటే తానే పెద్దదవుతుంది.

నీలిమ_విజయవాడ · ఆదివారం, సాయంత్రం 6:20

ఈ మార్పిడి పరీక్ష బాగుంది మాస్టారూ. టైమ్‌కి కూడా పనిచేస్తుందేమో చూశాను. "ది హాటెస్ట్ డే ఆఫ్ ది ఇయర్" మార్చితే "హాటర్ దేన్ ఎనీ అదర్ డే ఆఫ్ ది ఇయర్". ఆఫ్ అక్కడే ఉండిపోయింది, దేన్‌గా మారలేదు.

పంతులుగారు_పాతకాలం · ఆదివారం, సాయంత్రం 6:35

నీలాంటి పిల్లలు క్లాసుకి ఇద్దరుంటే చాలు, టీచరు పుస్తకం తెరవకుండా నిద్రపోలేడు. అవునమ్మా. అక్కడ పోటీదారు డే, దేన్ వెనక్కి వెళ్లింది అదే. "ఆఫ్ ది ఇయర్" డేకి అంటుకున్న ముక్క, దాంతోపాటే ప్రయాణం చేసింది. సూపర్‌లేటివ్ లేకపోయినా "ఎ డే ఆఫ్ ది వీక్" అంటాంగా. అనిత గారి లెక్కే: ఆ మాటకి ఉన్న అలవాటు.

గోదారి_గట్టు · ఆదివారం, రాత్రి 8:10

ఆలస్యంగా వచ్చాను. "గోదావరి ఈజ్ ది సెకండ్ లాంగెస్ట్ రివర్ ఇన్ ఇండియా ఆఫ్టర్ ది గంగా" అని మా అమ్మాయి రాసింది. 1,465 కిలోమీటర్లు అని అంకె కూడా వేసింది. వాళ్ల టీచర్ ఆఫ్టర్ కొట్టేసి "నెక్స్ట్ టు" అని దిద్దారు. ఏది నయం?

సబ్‌ఎడిటర్_రాత్రిడ్యూటీ · ఆదివారం, రాత్రి 8:25

పాప రాసిందే బాగుంది. "నెక్స్ట్ టు ది గంగా" అంటే గంగ పక్కన అని చదువుకునే ప్రమాదముంది. "సెకండ్ ఓన్లీ టు ది గంగా" అంటే ఇంకా దర్జాగా ఉంటుంది. ప్రిపోజిషన్ బెడదే వద్దనుకుంటే "ఇండియాస్ సెకండ్ లాంగెస్ట్ రివర్". హెడ్డింగుల్లో మేం చేసేది ఇదే. అప్పుడు ముందు 'ది' పెట్టకూడదు. "ది ఇండియాస్ లాంగెస్ట్" అని ఫ్లెక్సీల మీద చూస్తుంటాం, అది తప్పు. "ది వరల్డ్స్ టాలెస్ట్ స్టాట్యూ"లో ఉన్న 'ది' మాత్రం వరల్డ్‌ది.

సింపుల్_సీను · ఆదివారం, రాత్రి 8:50

ఫ్లెక్సీల మీద ఇన్, ఆఫ్ కాదు సార్, పేరు స్పెల్లింగే తప్పుంటుంది.

కిరణ్_ఎస్ఏ_ఇంగ్లిష్ · ఆదివారం, రాత్రి 9:30

అందరికీ చాలా చాలా థాంక్స్. మీరు చెప్పినవాటితో రేపటికి నేనే నాలుగు బిట్లు తయారుచేసుకున్నాను. జవాబులు సరిచూడండి.

ఒకటి, "షీ ఈజ్ ది మోస్ట్ హార్డ్‌వర్కింగ్ ఆఫ్ మై స్టూడెంట్స్". రెండు, "ఇట్ వాజ్ ది కోల్డెస్ట్ నైట్ ఇన్ ట్వంటీ ఇయర్స్". మూడు, "విచ్ ఈజ్ ది నియరెస్ట్ స్టేషన్ టు యువర్ హౌస్". నాలుగోది పాత పేపర్లో చూశాను, దాంతోనే తంటా: "హి ఈజ్ ది బెస్ట్ ఫీల్డర్ ___ ది టీమ్". ఆప్షన్లు ఆన్, ఆఫ్, ఎట్, అమంగ్. ఇన్ లేనే లేదు!

ఐఈఎల్టీఎస్_అనిత · ఆదివారం, రాత్రి 9:42

మొదటి మూడూ కరెక్ట్. మూడోదాంట్లో టు నియర్‌కి అంటుకున్నది. మధ్యలో స్టేషన్ వచ్చినా వదల్లేదు చూడండి.

నాలుగోదానికి ఆన్. అమెరికన్ వాడుక. టీమ్ ఏకవచనం కాబట్టి అమంగ్ కుదరదు. ఎట్ రాదు.

పంతులుగారు_పాతకాలం · ఆదివారం, రాత్రి 9:55

ఆన్ అనే నేనూ అంటాను. కానీ కీలో ఆఫ్ ఇచ్చి ఉంటారని నా అనుమానం.

కిరణ్_ఎస్ఏ_ఇంగ్లిష్ · ఆదివారం, రాత్రి 9:58

ఆఫే ఇచ్చారు మాస్టారూ.

పంతులుగారు_పాతకాలం · ఆదివారం, రాత్రి 10:04

"ది బెస్ట్ ఫీల్డర్ ఆఫ్ ది టీమ్" అనేవాళ్లు అసలు లేరని చెప్పలేం గానీ, ఆన్ పక్కనే పెట్టుకుని ఆఫ్ ఒక్కటే కరెక్ట్ అనడం కుదరదు. అది పాత పేపర్ కాబట్టి వదిలెయ్. ఇలాంటిది అసలు పరీక్షలో వస్తే ప్రాథమిక కీ విడుదలైన రోజే అభ్యంతరం పెట్టు, గడువు అయ్యాక ఎవరూ వినరు. సాక్ష్యంగా ఏదైనా మంచి డిక్షనరీలో టీమ్ దగ్గరున్న ఉదాహరణ వాక్యాన్ని జతచెయ్. కోచింగ్ మెటీరియల్ జతచేస్తే చూడను కూడా చూడరు.

కిరణ్_ఎస్ఏ_ఇంగ్లిష్ · ఆదివారం, రాత్రి 10:10

అలాగే మాస్టారూ. అమంగ్ గ్రూపు వాళ్లకి ఈ చర్చ లింకు పంపాను. చదివి, ఇప్పుడు "ఆఫ్ ది ఎయిట్ ప్లానెట్స్" అని వాక్యం మొదట్లో పెట్టొచ్చా లేదా అని మొదలుపెట్టారు.

ఐఈఎల్టీఎస్_అనిత · ఆదివారం, రాత్రి 10:13

పెట్టొచ్చు. కామా మరిచిపోవద్దనండి.